‘మేడమ్, మీ తొంభై కదల్లేదు’: లెక్కల టీచర్ల శిక్షణ గురించి ఒక బహిరంగ లేఖ

విశాఖపట్నం జిల్లాలో గణితం టీచర్లకు శిక్షణ తరగతులు రూపొందించే అధికారులకు, ఆ శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్లకు నమస్కారాలు.

నేను భీమిలి వైపు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతున్నాను. సర్వీసు 19 ఏళ్లు దాటింది. ఈ ఏడాది కూడా మాకు కంప్యూటర్ మీద లెక్కలు చెప్పడంలో శిక్షణ ఉంటుందని స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడులన్నీ కలిసే) మీటింగులో విన్నాను. షెడ్యూలు ఖరారయ్యేలోపే నాలుగు మాటలు మీ చెవిన వేద్దామని ఈ ఉత్తరం.

ముందు నా పరువు పోయిన సంగతి చెప్పేస్తాను. కొన్నేళ్ల కిందట ఇలాంటి శిక్షణకే వెళ్లాను. ఎవరు పెట్టారు, ఎక్కడ పెట్టారు అన్నది ఇక్కడ అనవసరం. రిసోర్స్ పర్సన్ మంచివారు, విషయం తెలిసినవారు. జియోజీబ్రాలో (లెక్కల బొమ్మలు గీసి కదిలించే సాఫ్ట్‌వేర్) తాను ముందే చేసి తెచ్చుకున్న ఫైళ్లు తెర మీద ఒకటి తర్వాత ఒకటి చూపించారు. త్రిభుజాలు తిరిగాయి, పరావలయాలు రంగులు మార్చుకున్నాయి, శంకువు విప్పుకుని కాగితంలా పరుచుకుంది. మేం చప్పట్లు కొట్టాం, ఫొటోలు తీసి గ్రూపులో పెట్టాం, గూగుల్ ఫారం నింపాం, సర్టిఫికెట్లు తీసుకున్నాం. అన్ని రోజుల్లోనూ నా చేతికి మౌస్ దొరికింది పది నిమిషాలు. అది కూడా పక్కావిడ టీకి వెళ్లినప్పుడు.

బడికొచ్చాక మాత్రం ఉత్సాహం ఆగలేదు. తొమ్మిదో తరగతికి అర్ధవృత్తంలో కోణం ఎప్పుడూ 90° అన్న పాఠం చెప్పాలి. క్లాసులో ఐఎఫ్‌పీ ప్యానెల్ (వేలితో తాకి పనిచేయించే పెద్ద తెర) ఉంది కదా అని దాని మీద జియోజీబ్రా తెరిచి వృత్తం గీశాను, వ్యాసం గీశాను. వృత్తం మీద ఉన్నట్టు కనిపించేలా కంటి అంచనాతో ఒక బిందువు పెట్టి, దాన్ని వ్యాసం రెండు చివరలకూ కలిపాను. పక్కన టెక్స్ట్ టూల్‌తో 90° అని రాశాను. చూడ్డానికి లక్షణంగా ఉంది. ఇంతలో మూడో బెంచీ కుర్రాడొకడు లేచొచ్చి ఆ బిందువుని వేలితో పట్టి లాగాడు. అది వృత్తం దాటుకుని బయటికి పోయింది. త్రిభుజం సాగిపోయింది. నేను రాసిన 90° మాత్రం ఉన్నచోటే ఉంది.

‘మేడమ్, మీ తొంభై కదల్లేదు’ అన్నాడు వాడు.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు. వాడన్నదాంట్లో తప్పేం లేదు. నేను చేసింది బోర్డు మీద సుద్దముక్కతో గీసే బొమ్మే, కాకపోతే ఖరీదైన బోర్డు మీద గీశాను. బొమ్మ గీయడం వేరు, నిర్మాణం చేయడం వేరు. నిర్మాణంలో ఆ బిందువు వృత్తానికి కట్టుబడి ఉండాలి, కోణాన్ని నేను రాయకూడదు, సాఫ్ట్‌వేరే కొలవాలి. అప్పుడు ఎటు లాగినా బిందువు వృత్తం మీదే జారుతుంది, తొంభై తొంభైగానే ఉంటుంది. పట్టి లాగితే చెదిరిపోయేది బొమ్మ, లాగినా దాని ధర్మం నిలబడేది నిర్మాణం. ఈ ఒక్క ముక్క ఆ శిక్షణలో నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉన్నా, చేతితో చేయకపోతే నాకు అర్థమయ్యేది కాదేమో.

మర్నాడు వాడు చేసిన అల్లరినే పాఠంగా మార్చాను. వృత్తం తీసేశాను. ఒక రేఖాఖండం, విడిగా కదిలే ఒక బిందువు, ఆ బిందువు దగ్గర ఏర్పడే కోణం కొలత, అంతే. ‘కోణం 90 వచ్చిన ప్రతిచోటా ఒక చుక్క పెట్టండి’ అన్నాను. మొదట కొలత రెండు దశాంశాల వరకూ చూపిస్తుంటే 89.97 దగ్గరా 90.04 దగ్గరా పిల్లలు విసిగిపోయారు. వేలితో అంత కచ్చితంగా ఎవరు ఆపగలరు? కొలతని దశాంశాలు లేకుండా చూపించేలా మార్చాను. ఇక చుక్కలు పడటం మొదలైంది. ఏడెనిమిది చుక్కలు పడేసరికి వెనక బెంచీ నుంచి ‘రౌండు వస్తోంది’ అని ఒక అమ్మాయి అరిచింది. గీత అవతలి వైపు కూడా పెట్టించాక మొత్తం వృత్తం బయటపడింది. బిందువు లోపలికి వస్తే కోణం 90 దాటుతోందనీ, బయటికి పోతే తగ్గుతోందనీ వాళ్లే చెప్పారు. పుస్తకంలో సిద్ధాంతం ఒకవైపు నుంచే ఉంటుంది, బిందువు వృత్తం మీద ఉంటే కోణం 90° అని. పిల్లలు దాన్ని రెండోవైపు నుంచి పట్టుకున్నారు. ఉపపత్తి ఆ తర్వాత సుద్దముక్కతో బోర్డు మీదే చేశాను, దానికి కంప్యూటర్ అక్కర్లేదు.

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, శిక్షణలో మాకు ఇవ్వాల్సింది తయారైన ఫైళ్లు కావు. రేపటి పాఠానికి పనికొచ్చే ఒక చిన్న కృత్యాన్ని సొంతంగా చేసుకోగల చెయ్యి. ఏది కదలాలి, ఏది కదలకూడదు, స్లైడర్ (లాగితే విలువ మారే పట్టీ) ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి, ఎన్ని దశాంశాలు చూపించాలి అని నిర్ణయించుకునేటప్పుడే ఆ పాఠం టీచరుకి కొత్తగా తెలుస్తుంది. ఇంకొకరు చేసిన ఫైలు ఆడిస్తే ఆ ఆలోచన జరగదు.

ఒక ఉదాహరణ. పదో తరగతి బహుపదుల్లో వర్గ బహుపది రేఖాచిత్రం ఉంది. మూడు గుణకాలకూ మూడు స్లైడర్లు పెట్టి వదిలేస్తే పిల్లలు అన్నింటినీ అటూ ఇటూ లాగి, ‘భలే ఉంది’ అని కూర్చుంటారు. నేనూ మొదట అలాగే చేశాను. తర్వాత x² గుణకాన్ని 1 దగ్గరా, స్థిరపదాన్ని సున్నా దగ్గరా కట్టేసి మధ్యలో x గుణకాన్ని మాత్రమే వదిలాను. పరావలయం శీర్షానికి (అది మలుపు తిరిగే బిందువుకి) ట్రేస్ పెట్టాను, అంటే అది నడిచిన దారి తెర మీద మిగిలిపోతుంది. శీర్షం ఏ దారిన నడుస్తుందో ముందు నోటుపుస్తకంలో రాయమన్నాను. క్లాసులో సగానికి పైగా ‘అడ్డంగా సరళరేఖలో’ అని రాశారు. స్లైడర్ లాగితే తలకిందులైన పరావలయం గీసుకుంటూ పోయింది. నిజం చెప్పొద్దూ, మొదటిసారి ఇంట్లో అది చూసినప్పుడు నేనే కుర్చీలోంచి లేచాను. ఇన్నేళ్లుగా ఈ పాఠం చెబుతున్నదాన్ని. కాగితం మీద చేసి చూస్తే రెండు వరుసల లెక్క. కానీ ఎప్పుడూ అడగాలనిపించలేదు.

ముందు ఊహించి రాయడం, తర్వాతే కదపడం. ఈ వరుస తప్పితే అది వీడియో గేమే. తెర మీద ‘సరైన జవాబు’, ‘తప్పు జవాబు’ అని వెలిగే క్విజ్‌లని కూడా శిక్షణల్లో ఇంటరాక్టివ్ అంటున్నారు. అవి అక్కరకొస్తాయి, కాదనను. కానీ నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడం గైడ్ల బిట్‌బ్యాంకులతో ఎప్పటినుంచో చేస్తున్న పనే.

మన ఊరికే దగ్గరైన పాఠం ఒకటి ఉంది. త్రికోణమితి అనువర్తనాలు. ఏ పుస్తకం తీసినా లైట్‌హౌస్, దాని ఎదురుగా ఓడ. రాయలసీమలోనో తెలంగాణలోనో పిల్లలు దాన్ని ఊహించుకోవాలి. మన పిల్లలకి అక్కర్లేదు. డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌస్ ఉంది, బీచ్ రోడ్డులో నిలబడితే లంగరేసిన ఓడలు వరసగా కనిపిస్తాయి. అయినా మన క్లాసుల్లో ఓడ అంటే పుస్తకంలోని త్రిభుజం మూలే. ఈ కృత్యం చేయడం చాలా తేలిక. కొండా లైట్‌హౌసూ కలిపి ఎత్తు 100 మీటర్లు అనుకుందాం, లెక్క కోసమే సుమా. ఓడ దూరానికి స్లైడర్. 100 మీటర్ల దూరంలో నిమ్నకోణం (పైనుంచి కిందికి చూసే కోణం) 45°. ‘ఓడ 200 మీటర్ల దూరానికి పోతే కోణమెంత?’ అని అడగండి. దాదాపు అందరూ సగం చేసి 22.5 అంటారు. లాగితే 26.6 దగ్గర ఆగుతుంది. 300కి 18.4, 400కి 14. ఓడ ఒకే లెక్కన జరుగుతున్నా కోణం ఒకే లెక్కన తగ్గడం లేదు. ఎందుకు అన్న ప్రశ్న పిల్లల నోటి నుంచి వచ్చాక టాన్ పట్టిక తెరిస్తే దానికో అర్థం ఉంటుంది. లేకపోతే అది బట్టీ పట్టాల్సిన ఇంకో పట్టిక.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. ఓపెన్ సోర్స్, అంటే లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్, ఎందుకు అని పై అధికారులు మిమ్మల్ని అడగొచ్చు. డబ్బు మిగులుతుందని మాత్రమే చెప్పకండి. జియోజీబ్రాని మార్కస్ హోహెన్‌వార్టర్ ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో 2001లో తన థీసిస్ పనిగా మొదలుపెట్టారు. జ్యామెట్రీ, ఆల్జీబ్రా కలిపితే వచ్చిన పేరది. ప్రపంచమంతా టీచర్లు దాన్ని సొంతం చేసుకున్నారు. 2021 చివర్లో బైజూస్ సంస్థ దాన్ని కొన్నది, తర్వాత ఆ సంస్థే దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. సాఫ్ట్‌వేర్ యజమానులు మారతారు, కంపెనీలు లేస్తాయి, పడతాయి. బడిలో వాడుకోవడానికి జియోజీబ్రాకి ఇప్పుడు డబ్బు కట్టక్కర్లేదు గానీ, వాణిజ్యపరంగా వాడితే వేరే షరతులున్నాయి. ఆ తేడా కూడా శిక్షణలో అయిదు నిమిషాలు చెప్పాలి. మా పని ఒక్క బ్రాండుకి తాకట్టు పడకుండా ఉండాలంటే ఒకటికి రెండు పనిముట్లు తెలియాలి. జ్యామితికి కేడీఈ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందం వాళ్ల కిగ్ ఉంది. ప్రాథమిక తరగతుల ఎస్జీటీలకి (సెకండరీ గ్రేడ్ టీచర్లకి) ఆటలతో నేర్పే జీకాంప్రీ, టక్స్‌మ్యాథ్ ఉన్నాయి. అన్నిటికన్నా సులువైనది లిబ్రెఆఫీస్ కాల్క్, అదీ ఎక్సెల్ లాంటిదే. ఎక్సెల్‌లో మార్కుల జాబితా చేయడం రాని టీచర్ ఇప్పుడు దాదాపు ఎవరూ లేరు, కాబట్టి కాల్క్ దగ్గర టెన్షన్ ఉండదు.

నాకు తెలిసిన ఒక మాస్టారు ఉన్నారు. రిటైర్మెంట్‌కి రెండేళ్లుంది. మౌస్ పట్టుకుంటే చెయ్యి వణుకుతుందని ముందే చెప్పేస్తారు. ఆయన సంభావ్యత కోసం కాల్క్‌లో నాణెం ఎగరేసే షీటు చేశారు. ఒక గడిలో యాదృచ్ఛిక సంఖ్య వచ్చే ఫార్ములా రాసి, సగం కన్నా తక్కువైతే బొమ్మ, లేకపోతే బొరుసు. దాన్ని కిందికి లాగితే 20 గడులు, ఇంకా లాగితే 1000 గడులు. 20 సార్లలో 13 బొమ్మలు పడితే పిల్లలు ‘నాణెం దొంగది’ అంటారు. 1000 సార్లకి లెక్క 500 చుట్టుపక్కలే తిరుగుతుంది, ఎన్నిసార్లు మళ్లీ ఎగరేయించినా 650 రాదు. మా అందరి ఫైళ్లలో క్లాసుకి బాగా పనికొచ్చింది అదే. ఎందుకంటే పిల్లలు ఎక్కడ పొరపడతారో ఆయనకి బాగా తెలుసు. కంప్యూటర్ బాగా వచ్చిన కుర్ర టీచర్లనే రిసోర్స్ పర్సన్లుగా తీసుకునే ముందు ఈ సంగతి ఆలోచించండి. ఒక కుర్ర టీచరునీ, ఒక పెద్ద మాస్టారునీ ఒకే ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెడితే ఇద్దరూ లాభపడతారు.

కేరళ గురించి ఒక్కమాట. అక్కడ 2001లో ఐటీ ఎట్ స్కూల్ అని మొదలుపెట్టి బడుల కంప్యూటర్లని క్రమంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు తిప్పారు. 2017లో అదే కైట్ అనే సంస్థ అయింది. లెక్కల పుస్తకంలోనే జియోజీబ్రాతో చేయాల్సిన పనులు ఉంటాయి. ఒక్క ఏడాదిలో వచ్చింది కాదు. టీచర్ల శిక్షణని వదలకుండా సాగించారు. మన దగ్గర పథకం మారితే పాత శిక్షణ మీద దుమ్ము పడుతుంది. నాడు-నేడు పనులతో గదులు బాగుపడ్డాయి, ప్యానెళ్లు వచ్చాయి, 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబ్‌లు కూడా ఇచ్చారు. సామాన్లు వచ్చినంత వేగంగా వాటితో ఏం చేయాలో నేర్పడం జరగలేదు. ట్యాబ్‌లో వీడియోని పిల్లాడు చూడగలడు, ఆపగలడు. లోపల ఉన్న త్రిభుజాన్ని పట్టి లాగలేడు.

కాబట్టి శిక్షణ ఎలా ఉంటే మాకు పనికొస్తుందో, నాకు తోచింది చెబుతాను. వరసగా అయిదు రోజులు హాల్లో కూర్చోబెట్టకండి. రెండు రోజులు చాలు. మొదటిరోజు మధ్యాహ్నానికల్లా ప్రతి ఇద్దరూ కలిసి ఒక్క కృత్యం మొదలుపెట్టి, రెండోరోజు సాయంత్రానికి పూర్తి చేయాలి. అందంగా ఉండక్కర్లేదు. తర్వాత మూడు నాలుగు వారాలు మమ్మల్ని బడికి పంపండి. క్లాసులో వాడి చూస్తాం, పిల్లలు దాన్ని ఎలాగూ పాడుచేస్తారు. పాడైన ఆ ఫైలుతో తిరిగి రమ్మనండి. ఆ రెండో విడతే అసలు శిక్షణ. ‘నా పిల్లలు ఇక్కడ ఇలా లాగారు, ఇలా అయింది’ అని ముప్పై మంది చెప్పుకుంటే దాని ముందు ఏ స్లైడ్ ప్రెజెంటేషన్ నిలబడదు. జాతీయ విద్యా విధానం టీచరుకి ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంటోంది. ఆ గంటల్ని ఇలా ముక్కలు చేసి ఇవ్వడానికి అడ్డేమీ కనిపించడం లేదు. వేళ మాత్రం చూసుకోండి. పబ్లిక్ పరీక్షల ముందు పదో తరగతి టీచర్లని పిలిస్తే మా మనసంతా స్లిప్ టెస్టుల మీదే ఉంటుంది. బడులు తెరిచాక జూలైలో అయితే హాయి.

ఇంటర్నెట్ ఉంటుందని అనుకుని ఏ ప్లానూ వేయకండి. సాఫ్ట్‌వేర్ అంతా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. జియోజీబ్రా, కిగ్, కాల్క్ అన్నీ నెట్ లేకుండా పనిచేసేవే. ఇంట్లో నేర్చుకోవాలనుకునే వాళ్లకి ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్‌లో జియోజీబ్రా పాఠాలున్నాయి. కొంచెం చూసి, ఆపి, పక్కనే చేసుకుంటూ పోయేలా ఉంటాయి. పరువు పోయిన ఆ రాత్రి తర్వాత నేను నేర్చుకున్నది చాలావరకు వాటితోనే. అవి కూడా ముందే డౌన్‌లోడ్ చేసి అదే పెన్‌డ్రైవ్‌లో వేయొచ్చు.

భాష సంగతి చిన్నదే గానీ మర్చిపోతుంటాం. తెర మీద రాసేది తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఉండాలి. మా పిల్లలు ఇంగ్లిష్ మీడియం అని పేరే గానీ ‘టాంజెంట్’ అంటే తల ఊపుతారు, ‘స్పర్శరేఖ, అంటే తాకి పోయే గీత’ అంటే కళ్లు వెలుగుతాయి. టీచరు తానే చేసిన ఫైలైతే అది మార్చుకోవడం అరనిమిషం పని.

చేసిన ఫైళ్లన్నీ ఒకచోట ఉండాలి. ఎవరు చేశారో పేరుండాలి, ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు రాసి ఉండాలి. భీమునిపట్నం డైట్‌లో (టీచర్ల శిక్షణ సంస్థలో) ఒక కంప్యూటర్ చాలు దీనికి. అక్కడ చదివే కాబోయే టీచర్లకి ఆ ఫైళ్లు సర్దే పని ఇస్తే వాళ్లకీ పాఠమే. దయచేసి దీనికోసం కొత్త యాప్ మాత్రం పెట్టకండి. ఉన్న యాప్‌లకే మా ఫోన్లు ఊపిరాడక కొట్టుకుంటున్నాయి.

ఇదంతా చదివి, ‘సుద్దముక్క చాలదా?’ అని అడిగేవాళ్లు మాలోనే ఉన్నారు. చాలాచోట్ల చాలు. భిన్నాలు కాగితం మడిచి చెబితేనే బాగా ఎక్కుతాయి. మేకులు కొట్టిన చెక్కకి రబ్బరు బ్యాండ్లు తగిలిస్తే వైశాల్యాలు ఏ ప్యానెల్ కన్నా బాగా వస్తాయి. ఏ కృత్యానికి కంప్యూటర్ అక్కర్లేదో చెప్పడానికి కూడా శిక్షణలో ఒక పూట కేటాయిస్తే మీ మీద నమ్మకం పెరుగుతుంది. కదిలితేనే అర్థమయ్యేవి కొన్నే ఉన్నాయి. వాటికే ఇది.

సమయం గురించి కూడా దాచను. నా మొదటి ఫైలుకి మూడు గంటలు పట్టింది, అన్నం చల్లారిపోయి ఇంట్లో మాట పడ్డాను. ఇప్పుడు ఇరవై నిమిషాల్లో అవుతోంది. ఆ మొదటి మూడు గంటలూ టీచరు ఒంటరిగా ఇంట్లో కాకుండా, పక్కన తెలిసినవాళ్లు ఉండగా గడిచిపోయేలా చూడమనే నేను మిమ్మల్ని అడుగుతున్నది.

పిలిస్తే ఏ శనివారమైనా నా ఫైళ్లు పట్టుకుని వస్తాను. రిసోర్స్ పర్సన్‌గా కాదు, వెనక కూర్చుని కొత్తవాళ్లకి సాయం చేయడానికి. కదలని ఆ 90° ఫైలు కూడా అలాగే ఉంచాను, చూపించడానికి పనికొస్తుందని. ఆ కుర్రాడు ఇప్పుడు పాలిటెక్నిక్‌లో ఉన్నాడు.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు,
విశాఖపట్నం జిల్లా

తా.క.: హాలు ఎక్కడైనా ఫర్వాలేదు గానీ ఎక్స్‌టెన్షన్ బోర్డులు సరిపడా పెట్టించండి. పోయినసారి మేం ముప్పై మందిమి, ప్లగ్ పాయింట్లు రెండు. అందులో ఒకటి టీ కెటిల్‌కి.